పదహారు టన్నుల బడి

నల్లమెట్ల జంక్షన్‌లో బడులన్నీ ఒక్క వారంలో ముసలివైపోయాయి.

అంతకు ముందు వారం దాకా అవి మామూలు వయసులోనే ఉన్నాయి. ఊరే నిన్నగాక మొన్నటిది. ఎప్పుడో ఒక ఇంజను నీళ్ల కోసం ఇక్కడ ఆగింది. నీళ్లు పట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఆ మనిషికి అన్నం పెట్టడానికి ఒక హోటలు వచ్చింది, ఆ హోటలుతో తగాదా పెట్టుకోవడానికి ఇంకో హోటలు వచ్చింది. తర్వాత లోకో షెడ్డు, క్వార్టర్లు, సినిమాహాలు, అన్నిటి వెనక బడులు. ఒక లైను రెండయింది, రెండు ఏడయ్యాయి. పట్టాలకు పడమట ఊరు, తూర్పున గ్యాంగ్‌మెన్ కాలనీ మిగిలాయి.

అప్పుడు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'పాఠశాల ప్రాచీనతా మహోద్యమం'. ప్రతి పాఠశాలా నెల రోజుల్లో తన చరిత్రను మూడు ప్రతుల్లో సమర్పించాలి. నూరేళ్లు నిండని పాఠశాలను, నూరేళ్లు నిండిన సమీప పాఠశాలలో విలీనం చేస్తారు. చరిత్ర లేని చోట చదువు నిలవదని పెద్దలు కనిపెట్టారు.

మునిసిపల్ స్కూలు తాను 1862లో పుట్టానని తెలియజేసింది. అప్పటికి రైలూ రాలేదు, ఊరూ రాలేదు. బడి ముందుగా వచ్చి ఊరి కోసం ఎదురుచూసిందని హెడ్‌మిస్ట్రెస్ కామేశ్వరి గారు వివరణ జతచేశారు. మూడేళ్ల కిందట ఫంక్షన్ హాలు మేడ మీద తెరిచిన లిటిల్ రాకెట్స్ టెక్నో స్కూలు వారు 1786 వేశారు. కరస్పాండెంట్ గారి ముత్తాతకు తాతగారికి బడి పెడదామన్న ఆలోచన ఆ ఏడు కలిగిందట. ఆలోచన కలిగిన తేదీయే ఆవిర్భావ తేదీ అని వారి లాయరు అభిప్రాయం. టైపు ఇన్‌స్టిట్యూట్ వారు తాళపత్రాల కాలం నుంచీ ఉన్నామని రాసి, ఎందుకో మళ్లీ కొట్టేశారు.

ఉన్నది ఉన్నట్టు రాసింది ఒక్క పెట్టె బడి.

పెట్టె బడి అంటే గూడ్సు పెట్టె. గ్యాంగ్‌మెన్ కాలనీ పక్కన, వాడకం లేని పక్క పట్టాల సైడింగ్‌లో, ఇక పనికిరాదని రైల్వేవాళ్లు వదిలేసిన వ్యాగన్. ముప్పై అయిదేళ్ల కిందట మంగతాయారు టీచరు దానికి రెండు మెట్లు వేయించి, గోడలకు కిటికీలు కోయించి, లోపల తెల్లరంగు కొట్టించి, అందులో బడి పెట్టింది. సాయానికని వచ్చిన దైవాధీనం మాస్టారు రెండేళ్లకు ఆమె భర్త అయ్యారు. కిందటి ఆషాఢంలో ఆమె జ్వరంతో పోయింది. కర్మకాండ ముగిసిన మర్నాడు మాస్టారు బడికి వచ్చి, ఆమె సగంలో ఆపిన ఏడో ఎక్కాన్ని అక్కడి నుంచే అందుకున్నారు. అంతకు మించి ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు.

చరిత్ర ఫారంలో పన్నెండో గడి ఇలా ఉంది: 'వ్యవస్థాపకులు సజీవులేనా? కానిచో కారణము తెలుపవలెను.' మాస్టారు 'జ్వరం' అని రాశారు. పదమూడో గడి: 'సదరు కారణము నివారింపదగినదా?' దాన్ని ఖాళీగా వదిలేశారు.

విచారణకు చరిత్ర నిర్ధారణాధికారి చక్రధరరావు గారు వచ్చి స్టేషన్ రిటైరింగ్ రూములో విడిది చేశారు. పాత వాటిని పరీక్షించడానికి ఆయన దగ్గర ఒక భూతద్దం, కొత్త వాటిని తోసిపుచ్చడానికి ఒక రబ్బరు స్టాంపు ఉన్నాయి.

"ముప్పై అయిదేళ్లా?" అన్నారాయన, కొడుకు మార్కులు చూసిన తండ్రిలా. "ప్రయత్నమైనా చెయ్యలేదు మీరు!"

"పెట్టింది అప్పుడేనండి."

"అందరూ ఇలా అనుకుంటే శాఖ ఏమైపోవాలి? పోనీ, దానికైనా సాక్ష్యం ఉందా?"

"రిజిస్టరుందండి. మా ఆవిడ రాసింది."

"ఆమెను హాజరుపరచండి."

"పోయిందండి."

"పోయే ముందు లిఖితపూర్వకంగా ఏమైనా దాఖలు చేశారా?"

"లేదండి," అన్నారు మాస్టారు. "తీరిక చిక్కలేదు."

చక్రధరరావు గారు స్టాంపు అందుకున్నారు. "మునిసిపల్ స్కూలులో విలీనానికి సిఫార్సు."

"అరవై రెండు మంది పిల్లలండి," అన్నారు మాస్టారు. ఒక్కో మాటా తూచినట్టుగా. "చిన్నవాడికి అయిదేళ్లు. మధ్యలో పట్టాలు ఏడు వరసలు. రోడ్డు గేటు మూడు కిలోమీటర్ల అవతల. అంత దూరం ఎవరూ చుట్టు తిరిగి వెళ్లరు. పట్టాల మీంచే నడుస్తారండి."

"పాదచారుల వంతెన మంజూరైందిగా?"

"పడమటి వైపు మెట్లు మాత్రం కట్టారండి. ఎక్కి, చూసి, దిగి వెళ్లొచ్చు."

"సగం సమస్య తీరినట్టేగా! అయినా శాఖ గుడ్డిగా నిర్ణయం తీసుకోదు. స్థల తనిఖీ చేస్తాను, పదండి."

తనిఖీకి వచ్చిన చక్రధరరావు గారు పెట్టె బడి చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేశారు. మూడో చుట్టులో, మెట్ల పక్కన, తుప్పు కింద ఒక ఇనుప పలక కనిపించింది. భూతద్దం పెట్టారు. ఏదో ఇంగ్లీషు కార్ఖానా పేరు, దాని కింద 1909.

"శాసనం!" అని ఆయన గుండె పట్టుకున్నారు. "మాస్టారూ, ఇంతటి శాసనాన్ని గడప దగ్గర పెట్టుకుని ముప్పై అయిదేళ్లంటారా?"

"అది పెట్టె తయారైన ఏడండి. బడి..."

"బడి దేనిలో ఉంది?"

"పెట్టెలోనండి."

"పెట్టె తీసేస్తే బడి ఉంటుందా?"

"ఉండదండి."

"మరి అది వేరు, ఇది వేరు ఎలా అవుతుంది?"

మాస్టారు నోరు తెరిచారు. కిటికీల్లోంచి అరవై రెండు ముఖాలు ఆయన్నే చూస్తున్నాయి. అన్నిటికన్నా కింద, కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని వేళ్లాడుతున్న అయిదేళ్ల సింహాద్రి ముఖం. మాస్టారు నోరు మూసుకున్నారు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. దానికి మాట కూడా ఖర్చు కాలేదు.

ఆ వారమే పెట్టె బడి 1909 నాటిదని ధ్రువపత్రం వచ్చింది. దాని నకలు ఒకటి రైల్వే వారికి కూడా పోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

స్టేషన్ మాస్టరు యాకోబు గారు ధ్రువపత్రం చేత్తో పట్టుకుని, పట్టాలన్నీ దాటుకుని వచ్చారు. మనిషి మంచివాడు. కానీ ముప్పై ఏళ్లు జెండాలు ఊపి, ఎదుట మనిషిని చూసినా ఎరుపా పచ్చా అని వెతికే అలవాటు పడిపోయింది.

"మాస్టారూ, మీ బడి వ్యాగనేనని ప్రభుత్వమే ఒప్పేసుకుంది. మావాళ్లు దాన్ని లెక్కలోంచి ఎప్పుడో కొట్టేశారు. ఇప్పుడు మళ్లీ ఎక్కించారు. లెక్కలోకి ఎక్కాక రూల్సు వర్తిస్తాయి కదండీ మరి."

"ఏం రూల్సండీ?"

"పెట్టె మీద 'పదహారు టన్నులు' అని రాసుంది. లోపల ఎంత బరువుందో రోజూ మాకు తెలియాలి."

"లోపల పిల్లలున్నారండి."

"ఎంత మంది అని అడగడం లేదండీ. ఎంత బరువు?"

మర్నాడు పార్సిల్ ఆఫీసు కాటా వచ్చింది. పిల్లల్ని నలుగురేసి చొప్పున ఎక్కించి తూచారు. పార్సిల్ గుమస్తా అలవాటు కొద్దీ ఒక్కొక్కరి వీపు మీదా 'పెళుసు సామాను' అని చీటీ అంటించాడు. సింహాద్రికి 'ఈ వైపు పైకి' అన్న చీటీ దొరికింది. వాడు దాన్ని నుదుటికి అంటించుకుని వారం రోజులు తియ్యనివ్వలేదు.

ఆ రోజు నుంచి హాజరుపట్టీ ఇలా సాగింది: 'నేటి హాజరు పదమూడు క్వింటాళ్ల నలభై కిలోలు. గైర్హాజరు యాభై రెండు కిలోలు. కారణం: గవదబిళ్లలు.' విద్యాశాఖ నుంచి ప్రశంస వచ్చింది. ఇంత కచ్చితమైన హాజరు రాష్ట్రంలో ఎక్కడా లేదట.

తర్వాతి వారం యాకోబు గారు మళ్లీ వచ్చారు. మూడు నెలలు కదలకుండా నిలబడ్డ వ్యాగన్‌ను తుక్కుకు పంపాలని రూలు. మీది ముప్పై అయిదేళ్లుగా నిలబడి ఉంది, పైనుంచి అడుగుతున్నారు అని ఆయన చాలా నొచ్చుకుంటూ చెప్పారు.

మధ్యాహ్న భోజనం వండే నాంచారమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "తుక్కుకి పంపుతారా? పిల్లలు లోపలుండగానేనా, దింపేకా?"

"దింపేకేనమ్మా."

"దింపేక ఎక్కడికి పోతారండీ పిల్లలు? అవతలికేగా! మీ ఎక్స్‌ప్రెస్ వచ్చేటప్పుడు నా మనవణ్ని మీరు చెయ్యట్టుకు దాటిస్తారా?"

యాకోబు గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "కదిలితే చాలమ్మా. ఎంత దూరమని రూల్లో లేదు."

అలా ఆచారం మొదలైంది. నెలకోసారి, ఒకటో తారీఖున, గ్యాంగ్‌మెన్ పదిమంది గడ్డపారలు చక్రాల కింద పెట్టి, "ఐలేసా" అని పెట్టె బడిని ఒక మూర ముందుకు తోసేవారు. యాకోబు గారు పచ్చజెండా ఊపేవారు. పిల్లలు లోపలి నుంచి కూత కూసేవారు. అయితే వ్యాగన్ కదిలేటప్పుడు కనీసం సగం బరువుండాలని ఇంకో రూలుంది. సగమంటే ఎనిమిది టన్నులు. పిల్లలు ఒకటిన్నర కూడా తూగరు.

"ఇంకో ఆరు టన్నుల ఆరు క్వింటాళ్ల పిల్లలు కావాలి, మాస్టారూ," అన్నారు యాకోబు గారు.

"ఉన్నవాళ్లకే రోజుకి రెండు గుడ్లేస్తే?" అంది నాంచారమ్మ.

చివరికి పట్టాల కింద పరిచే కంకర బస్తాల్లో నింపి బల్లల వెనక పేర్చారు. బస్తాలకు పేర్లు రాయడానికి మాస్టారు ఒప్పుకోలేదు. యాకోబు గారు మాత్రం తన పుస్తకంలో 'ఎనిమిది టన్నులు' అని రాసి పంపారు. విద్యాశాఖ వారు ఆ ఎనిమిది టన్నుల్ని సగటు పిల్లవాడి బరువుతో భాగించి, మూడు వందల అరవై మూడు మంది విద్యార్థులని తేల్చారు. మూడు వందల మందికి పైగా పిల్లలు అల్లరి చెయ్యకుండా, నీళ్లకని లేవకుండా, ఒక్కరోజూ మానకుండా కూర్చుంటున్నారని జిల్లా పత్రికలో వేశారు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

ఇదంతా చూసి మునిసిపల్ స్కూలు కామేశ్వరి గారికి కడుపు మండింది. "కదిలే బడికి చరిత్రేమిటి?" అని ఆవిడ పైకి రాశారు. చక్రధరరావు గారు మళ్లీ దిగారు. టేపు పెట్టి కొలిచారు. నాలుగు నెలల్లో నాలుగు మూరలు.

"ఏడాదికి పన్నెండు మూరలు," అన్నారు విషాదంగా. "ఈ లెక్కన నాలుగు వేల ఏళ్లలో ఈ పాఠశాల పక్క జిల్లా పరిధిలోకి పోతుంది. అప్పుడు ఆ జిల్లా వారికి నేనేం సమాధానం చెప్పాలి?"

"అప్పటికి మీకు ట్రాన్స్‌ఫర్ అవుతుందేమో లెండి," అన్నారు మాస్టారు.

"శాఖ శాశ్వతం, మాస్టారూ!"

పదిరోజులకి సాక్షాత్తూ విలీన కమిషనర్ గారి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. 'ఒకచోట నిలువని పాఠశాలకు స్థానిక చరిత్ర వర్తించదు. కావున పెట్టె పాఠశాల మునిసిపల్ పాఠశాలలో విలీనమైనది. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు విద్యార్థులందరూ సదరు పాఠశాలకు కాలినడకన చేరుకొనవలెను. ఈ శుభ సందర్భమును కమిషనర్ వారు స్వయముగా తిలకింతురు.'

మాస్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం బడి వదిలాక ఆయన ఒక్కరే పట్టాల దాకా వెళ్లి నిలబడ్డారు. మూడో లైనులో గూడ్సు ఒకటి ఆగి ఉంది. పిల్లవాడు నడిచి వస్తే ఏం చేస్తాడు? కిందనించి దూరతాడు. దూరి అవతల తల పెట్టగానే నాలుగో లైను. అక్కడ రైళ్లు ఆగవు. ఆయన అరవై రెండు పేర్లూ వరసగా ఒకసారి అనుకున్నారు. తర్వాత తిన్నగా స్టేషనుకు నడిచి, యాకోబు గారి ముందు ఉత్తర్వు పరిచారు.

"మునిసిపల్ స్కూలు గోడ వెనక మీ సైడింగ్ ఒకటుంది కదండీ?"

"ఉంది. గడ్డి మొలిచింది."

"మా బడి రూలు ప్రకారం వ్యాగనే కదండీ?"

యాకోబు గారికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయన ముఖం సిగ్నల్ పడ్డట్టు వెలిగింది.

"మూర బదులు కిలోమీటరు కదిలిస్తే తప్పని ఏ రూల్లోనూ లేదు, మాస్టారూ! మరి కాలినడకన అని రాశారే?"

"లోపల అటూ ఇటూ నడుస్తారు లెండి."

మూడు రోజులు గ్యాంగ్‌మెన్ ఇరుసులకు గ్రీజు పట్టించారు. నాంచారమ్మ చక్రాలకు పసుపు రాసింది. సోమవారం ఎనిమిదిన్నరకు షంటింగ్ ఇంజను వచ్చి, బడికి తగులుకుంది. అరవై రెండు మంది పిల్లలు, కంకర బస్తాలు, గుడ్ల బుట్టతో నాంచారమ్మ ఎక్కారు. మాస్టారు తలుపుకి అడ్డంగా గొలుసు వేసి, గొలుసుకు ఇవతల తాను నిలబడ్డారు. యాకోబు గారు పచ్చజెండా ఊపి, తానూ ఎక్కారు.

నూట పదేళ్లు దాటిన బడి మొదటిసారి పరుగెత్తింది. పరుగంటే ఎడ్లబండి నడక. అయినా ఎక్కాలు చెబుతున్న పిల్లల గొంతులు చక్రాల చప్పుడుకి తాళం కలిపి ఎక్కడికో వెళ్లిపోయాయి. ఏడో ఎక్కం మొదలెట్టినవాళ్లు పదకొండో ఎక్కం దాకా ఎవరూ చెప్పకుండానే పోయారు. ఒక లైను మీంచి ఇంకో లైనుకు మారినప్పుడల్లా బస్తాలతో సహా తరగతి మొత్తం ఒక పక్కకి ఒరిగి లేచేది. "ఇంకోసారి, మాస్టారండీ!" అని సింహాద్రి అరిచాడు.

ఏడు లైన్ల మీదా రైళ్లు ఆపేశారు. ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయిన ఎక్స్‌ప్రెస్‌లో, ఏసీ పెట్టెలో, కమిషనర్ గారూ చక్రధరరావు గారూ ఉన్నారు.

"ఎందుకాగింది?" అని కమిషనర్ గారు టికెట్ కలెక్టరును అడిగారు.

"బడి దాటుతోందండి."

"బడి దాటడమేమిటి! తొమ్మిదికి నేను విలీనం తిలకించాలి. దిగండి, నడిచిపోదాం."

వాళ్లిద్దరూ దిగారు. కంకర మీద బూట్లు జారాయి. మూడో లైను దాటారు. నాలుగో లైను మధ్యలో ఉండగా, బడి దాటేసింది కదా అని షెడ్డు వాళ్లు ఆ లైను మీదికి వదిలిన ఒంటరి ఇంజను ఒకటి మలుపు తిరిగి కూత వేసింది. కమిషనర్ గారు ముందుకొక అడుగు వేసి, వెనక్కి ఒక అడుగు వేసి, అక్కడే నిలబడిపోయారు. చక్రధరరావు గారు ఫైలు తల మీద పెట్టుకున్నారు.

ఐదో లైను మీద నుంచి అరవై రెండు గొంతులు ఒక్కసారి లేచాయి. "సార్! ఇటు! ఇటు రండి సార్! వెనక్కొద్దు!"

షంటింగ్ ఇంజను ఆగింది. మాస్టారు గొలుసు దాటి, మెట్టు మీదికి దిగి, చెయ్యి చాపి కమిషనర్ గారిని లాగేశారు. వెనక చక్రధరరావు గారిని నాంచారమ్మ కాలరు పట్టుకుని లాగింది. ఇంజను వాళ్ల వెనకగా గాలి విసురుతూ పోయింది. కమిషనర్ గారి ఎడమ బూటు నాలుగో లైనులో ఉండిపోయింది.

ఆయన ఒక కంకర బస్తా మీద కూలబడ్డారు. బడి మళ్లీ కదిలింది. నాంచారమ్మ నీళ్లిచ్చింది. సగం తాగి, సగం ఒలకబోసుకుని, ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"ఇక్కణ్నుంచా!" అన్నారు. "ఇంత చిన్న పిల్లలు ఇక్కణ్నుంచి నడిచి రావాలా! ఏ బుద్ధిలేనివాడయ్యా ఆ ఉత్తర్వు ఇచ్చింది?"

చక్రధరరావు గారు ఫైల్లో తల దూర్చారు. యాకోబు గారు జెండా చుట్టడంలో మునిగిపోయారు.

"చెప్పండి మాస్టారండీ, నోట్లో బెల్లముందా?" అంది నాంచారమ్మ.

"తమరేనండి," అన్నారు మాస్టారు.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. సవరించుకునే సరికి ఆయన మళ్లీ కమిషనర్ అయ్యారు.

"అయితే ఇది లోతుగా పరిశీలించవలసిన అంశం. సదరు ఉత్తర్వు ఏ పరిస్థితుల్లో జారీ అయిందో తేల్చడానికి ఉన్నతస్థాయి సంఘాన్ని నియమిస్తున్నాను. చక్రధరరావు కన్వీనరు. నివేదిక వచ్చేదాకా యథాతథ స్థితి. రాసుకోండి."

"యథాతథమంటే ఎలాగండీ?" అన్నారు యాకోబు గారు. "ఇప్పుడు బడి ఆరో లైనులో ఉంది."

"ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే."

"కదుల్తోందండి."

కమిషనర్ గారు తన ఒంటి బూటు వైపు చూసుకున్నారు. "అయితే కదులుతూనే ఉండాలి. రోజూ. పిల్లలు లోపల ఉండగా. ఏ ఒక్కరూ పట్టాల మీద కాలు పెట్టడానికి వీల్లేదు. అదే యథాతథ స్థితి."

మాస్టారు మనసులో లెక్క కట్టారు. ఇలాంటి సంఘం మొదటి సమావేశానికి రెండేళ్లు, టీ ఖర్చుల మంజూరుకు మూడేళ్లు, నివేదికకు ఇంకో ఎనిమిది. అప్పటికి సింహాద్రి కాలేజీలో కూడా చేరిపోతాడు. తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇంకో సంఘం వేయించాలి.

మునిసిపల్ స్కూలు గోడ వెనక గడ్డిలో బడి ఆగింది. గోడ మీంచి అవతలి పిల్లలు వంద మంది తలలు పెట్టి, తమ బడికి చక్రాలెప్పుడని కామేశ్వరి గారిని అడుగుతున్నారు. మాస్టారు గొలుసు విప్పి కిందికి దిగారు. ఒక్కొక్కరినీ చంకల కింద చేతులు వేసి దింపుతూ లెక్కపెట్టారు. చివరగా సింహాద్రి దిగాడు. అరవై రెండు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టారు. అరవై రెండే.

"అందరూ వచ్చేశారు," అని ఆయన పక్కకి తిరిగి చెప్పారు. ముప్పై అయిదేళ్లుగా మంగతాయారు వైపు అలా తిరిగి చెప్పడం అలవాటు.

పక్కన కమిషనర్ గారు ఉన్నారు, ఒంటికాలి మీద.

"రాతపూర్వకంగా ఇవ్వండి," అన్నారాయన.

"అలాగేనండి," అన్నారు మాస్టారు.